బావ ఎంత దూరం పరుగెత్తాడు?

రాజపాళయంలో పద్మనాభన్‌కి ఎరువులూ విత్తనాలూ అమ్మే అంగడి ఉంది. పొద్దున తెరిచి కుర్చీలో కూర్చున్నాడంటే మళ్లీ తలుపులు వేసేదాకా లేవాల్సిన పని ఉండదు. మూట పేరు చెబితే పనివాళ్లు మోసుకొచ్చి రైతు బండి మీద వేస్తారు. ఏళ్ల తరబడి అలా కూర్చుని కూర్చుని కుర్చీ ఆయన ఆకారంలోకీ, ఆయన కుర్చీ ఆకారంలోకీ వచ్చేశారు. యాభైకి దగ్గర పడ్డాడు. తిండికి లోటు చేసుకునే మనిషి కాడు. పరుగు అనే మాటతో ఆయనకున్న సంబంధమల్లా బడి రోజుల్లో రైలు తప్పిపోతుందని ఒకసారి పరుగెత్తడం, ఆ రైలు తప్పిపోవడం.

అలాంటి మనిషి మదురై హాఫ్ మారథాన్‌కి పేరు ఇవ్వడానికి కారణం మంసాపురంలో జరిగిన ఒక పెళ్లి.

ఆ పెళ్లిలో భోజనాలు మేడ మీద పెట్టారు. రెండు వరసల మెట్లెక్కి ఆకు ముందు కూర్చునేసరికి పద్మనాభన్‌కి ఊపిరి అందలేదు. సాంబారు గరిటె పట్టుకున్న కుర్రవాడు పోయాలా వద్దా తెలియక అలాగే వంగి నిలబడ్డాడు. ఎదురు వరసలో కూర్చున్న సుందర్ ఇదంతా చూశాడు. సుందర్ పద్మనాభన్ భార్య ఆనందికి అన్న. సత్రపట్టిలో గాయాల కట్టుగుడ్డ నేసే మగ్గాలున్నాయి అతనికి. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, ఒకరి మాట ఇంకొకరు పడరు.

"ఒరే తంబీ, ముందు మా బావకి కొంచెం గాలి వడ్డించప్పా! సాంబారు మెల్లగా పొయ్యొచ్చు" అన్నాడు సుందర్, పంక్తి మొత్తానికి వినబడేలా.

పంక్తి మొత్తం నవ్వింది. పద్మనాభన్ పక్కనే కూర్చున్న కన్నతల్లి కమలమ్మాళ్ కూడా నవ్వింది. అది తట్టుకోలేకపోయాడు.

"నవ్వు బావా, నవ్వు. తై నెలలో, పొంగల్ అయినాక, మదురైలో హాఫ్ మారథాన్ పెడతా ఉండారు. నేను దాంట్లో పరిగెత్తి చూపిస్తాను."

"నువ్వు పరిగెత్తితే నేనుగూడా పరిగెత్తుతాను" అన్నాడు సుందర్. నిజానికి సుందర్ పొట్ట కూడా ఆకు అంచు దాటి వచ్చి అప్పడాన్ని తాకుతూనే ఉంది.

మారథాన్ సంగతి పద్మనాభన్ ఆ పొద్దునే పేపర్లో చూశాడు. హాఫ్ అన్నారు కదా, సగమేలే అనుకున్నాడు. దేంట్లో సగమో ఇంటికొచ్చాక తెలిసింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు. అప్పటికే చుట్టాలందరికీ తెలిసిపోయింది కాబట్టి వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

మరుసటి వారం కొత్త బూట్లు కొన్నాడు. తెల్లవారుతూనే మంసాపురం రోడ్డు పట్టాడు. ఊరు దాటి కొబ్బరి తోటల దగ్గరికి వచ్చాడో లేదో వెనక నుంచి ఒక మోపెడ్ వచ్చి పక్కన ఆగింది. దాని మీద కుమారేశన్. అంగడికి వచ్చే రైతు.

"ఎన్నణ్ణా, యారుక్కు ఎన్న ఆచ్చు?" అన్నాడు గాభరాగా. ఎవరికి ఏమైందో చెప్పమని అతని గోల.

"ఎవరికీ ఏం కాలేదప్పా. సుమ్మా పరిగెత్తుతా ఉండాను."

కుమారేశన్‌కి భయం ఇంకా ఎక్కువైంది. కారణం లేకుండా పరుగెత్తుతున్న పెద్దమనిషిని అతను అంతవరకూ చూడలేదు. పద్మనాభన్ వద్దు వద్దంటున్నా వినకుండా చెయ్యి పట్టి మోపెడ్ ఎక్కించుకుని, దారి పొడుగునా "ధైర్యంగా ఉండండణ్ణా" అని చెబుతూ ఇంటి గుమ్మం ముందు దింపి, ఆనందిని పిలిచి అప్పజెప్పి వెళ్లాడు.

మర్నాడు ఇంకొకడు ఎక్కించుకున్నాడు. ఆ మర్నాడు ట్రాక్టర్. నాలుగో రోజు నుంచి పద్మనాభన్ పరుగెత్తే శ్రమ తీసుకోలేదు. ఎలాగూ ఎవరో ఒకరు ఇంటికి తెచ్చి దింపేదానికి అంత దూరం వెళ్లడం ఎందుకని దుప్పటి కప్పుకున్నాడు.

తర్వాత వానలు పట్టాయి. బూట్లు తడిశాయి. బూట్లు ఆరాక మోకాలు పట్టేసింది. మోకాలు వదిలాక అమావాస్య వచ్చింది. అమావాస్యకీ పరుగుకీ ఏమిటి సంబంధమని ఆనంది అడిగితే, కొత్త పనులు మొదలుపెట్టకూడదన్నాడు.

"మొదలుపెట్టి నెలయ్యింది గదండీ?"

"మళ్లా మొదలుపెట్టాల గదా, అది కొత్తదేగా!"

అలాగని ఆయనకి పట్టుదల లేదని కాదు. రాత్రిపూట బోలెడంత ఉండేది. అన్నం తిని మంచం మీద వాలితే చాలు, రేపటి పరుగు కళ్ల ముందు కనబడేది. తెల్లవారేసరికి అదంతా ఎక్కడికో పోయేది. అలారాన్ని వంటింట్లో పెట్టి చూశాడు. అది మోగి మోగి, నిద్ర చెడిన కమలమ్మాళ్ దాన్ని బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. లేవండి, జయించండి అని ఫోనులో ఒకాయన అరిచే వీడియోలు పెట్టుకుని చూశాడు. ఆయన అరుపు జోలపాటలా పనిచేసింది. చివరికి లేవగానే వంక దొరక్కూడదని బూట్లు తొడుక్కునే పడుకున్నాడు. పొద్దున ఆనంది దుప్పటి లాగితే బూట్లతో సహా హాయిగా గురక పెడుతున్నాడు.

ఆ రోజు ఆనంది బూట్ల వైపు చూసి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆమె మంచం దగ్గరికి వచ్చి మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"వదిన ఫోన్ చేసినాది. మా అన్న ఈ పొద్దు రైల్వే గేటు దాకా పరిగెత్తి వచ్చేసినాడంట."

వదిన అంటే సుందర్ భార్య దేవిప్రియ. పద్మనాభన్ ఒక కన్ను తెరిచాడు.

"ఎవరు, సుందరా?"

"ఆమా. మళ్లా ఇంటికొచ్చి ఇంకో నాలుగు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడంట."

పద్మనాభన్ లేచి కూర్చున్నాడు. రైల్వే గేటా! ఆ పొట్టతోనా! బూట్లు వెతుక్కుని తొడుక్కుని, ముఖం కూడా కడుక్కోకుండా బయటపడ్డాడు. ఆ రోజు ఎదురొచ్చిన వాళ్లెవరు ఆపినా ఆగలేదు. రొప్పుతూ, తిట్టుకుంటూ, మధ్యమధ్య నడుస్తూ, కొబ్బరి తోటలు దాటి వెళ్లి వచ్చాడు.

అక్కడి నుంచి రోజూ అదే వరస. కళ్లు తెరవగానే ఆయన అడిగే మొదటి మాట, "మీ అన్న ఎంత దూరం?" అని. ఆనంది చెప్పేది. సుందర్ ఇవాళ ఎక్కడా నిలబడలేదంట. సుందర్ వానలో కూడా వెళ్లాడంట. సుందర్ శ్రీవిల్లిపుత్తూరు దాకా వెళ్లి కొబ్బరినీళ్లు తాగి మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చాడంట. ఒక్కో కబురూ పద్మనాభన్ గుండెలో ముల్లులా దిగేది. ఆ ముల్లుతోనే రోడ్డెక్కేవాడు.

నెలలు గడిచేసరికి ఆయనకే తెలియకుండా ఏదో మారింది. చొక్కాలు వదులయ్యాయి. అంగడిలో పనివాళ్లని పిలవకుండా తనే లేచి విత్తనాల పొట్లం తెచ్చి ఇవ్వడం చూసి రైతులు ముఖముఖాలు చూసుకున్నారు. పొద్దున్నే పడమటి కొండల మీద మబ్బు దిగి ఉండేది. మామిడి తోటల్లోంచి తడి మట్టి వాసన వచ్చేది. రాత్రి పని ముగించుకుని సైకిళ్ల మీద వచ్చే మిల్లు వాళ్లు చెయ్యెత్తి పలకరించేవాళ్లు. ఎన్నో ఏళ్లుగా ఇదే ఊళ్లో ఉండి ఇవేవీ చూడలేదే అనుకున్నాడు ఒకరోజు. అంతలోనే సుందర్ గుర్తొచ్చి, చూడటం మాని కాళ్లకి పనిచెప్పాడు.

కార్తీక మాసంలో చోళపురంలో చుట్టాల ఇంట్లో ఒక చెవులు కుట్టే వేడుకకి రెండు కుటుంబాలూ వెళ్లాయి. గుమ్మంలో బావలిద్దరూ ఎదురుపడ్డారు. ఒకరి కళ్లు ఒకరి ముఖం మీద కాకుండా తిన్నగా పొట్ట మీదికి వెళ్లాయి. రెండు పొట్టలూ తగ్గి ఉన్నాయి. ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది.

"ఏం బావా, రొంబ పరిగెత్తుతా ఉండావంటనే?" అన్నాడు పద్మనాభన్.

"నేనెక్కడ బావా, సుమ్మా నడుస్తా ఉండాను. నువ్వుదా గాలిలో పోతా ఉండావంట."

"నేనా! మోకాలు నొప్పి బావా. లేచేదే లేదు."

ఇద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మలేదు. వెనకాల ఆనందీ దేవిప్రియా తమలపాకుల పళ్లెం ఒకరికొకరు ఇచ్చుకుంటూ తలలు వంచుకుని నిలబడ్డారు.

తై నెలలో పరుగు రోజు రానే వచ్చింది. మదురైలో ఇంకా మసక చీకటి ఉండగానే వందలమంది గుమిగూడారు. ఆడవాళ్లిద్దరూ కమలమ్మాళ్‌తో కలిసి గమ్యం దగ్గర చెట్టు కింద చోటు చూసుకుని కూర్చున్నారు. కొమ్ము ఊదగానే సుందర్ విల్లులోంచి వదిలిన బాణంలా దూసుకెళ్లాడు. శ్రీవిల్లిపుత్తూరు వెళ్లి వచ్చే మనిషి, ఇప్పుడు వదిలితే మళ్లీ కనబడడని పద్మనాభన్ వెనకే పడ్డాడు. పక్కనే బావ బూట్ల చప్పుడు విని సుందర్ ఇంకా వేగం పెంచాడు. రోజూ పరుగెత్తే సన్నటి కుర్రాళ్లు కూడా వీళ్లకి దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నారు.

వైగై వంతెన వచ్చేసరికి ఇద్దరి పనీ అయిపోయింది. ఎండ ఎక్కింది. ముందు పద్మనాభన్ పిక్క పట్టేసింది. కుంటుకుంటూ తలెత్తి చూస్తే, కొంచెం ముందు సుందర్ వంతెన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పోటీలో మొదటిసారిగా ఇద్దరూ పక్కపక్కన నడవడం మొదలుపెట్టారు.

ముందు ఎవరు నోరు తెరుస్తారా అన్నదీ పోటీయే అయింది. చివరికి పద్మనాభనే ఓడిపోయాడు.

"ఏం బావా, రోజూ శ్రీవిల్లిపుత్తూరు పొయ్యి వచ్చేటోడివి, ఇట్ల నిలబడిపోయినావే?"

సుందర్ నడక ఆపేశాడు. "శ్రీవిల్లిపుత్తూరా? ఎవరు చెప్పినారు?"

"ఆనందికి దేవి చెప్పినాదంట. కొబ్బరినీళ్లు తాగి వచ్చినావని గూడా చెప్పినాది."

"నేను బస్సులో గూడా పొయ్యి సంవత్సరమయ్యింది బావా! నువ్వుదా కొండల్లో అయ్యనార్ కోయిల్ దాకా పరిగెత్తి, అక్కడ పైనుంచి పడే అరుయిలో స్నానం చేసి, తల తుడుచుకోకుండా మళ్లా పరిగెత్తి వచ్చినావని ఆనంది చెప్పినాదంట."

"తల తుడుచుకోకుండానా?"

"తడి తలతో నువ్వు పరిగెత్తి వస్తా ఉంటే నేను పడుకోని ఉండేదా అని దేవి దుప్పటి లాగేసినాది."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు సుందర్‌కి నవ్వు వచ్చింది. తర్వాత పద్మనాభన్‌కి. పిక్కలు పట్టేసి, కడుపు పట్టుకుని, వంతెన గోడకి ఆనుకుని ఇద్దరూ నవ్వుతుంటే, నీళ్లిచ్చే అమ్మాయి ఎండదెబ్బ తగిలిందేమోనని పరుగున వచ్చి ఇద్దరి నెత్తినా చెరో చెంబు నీళ్లు కుమ్మరించింది.

"చూడు బావా, ఇప్పుడు నీ తలగూడా తడిసిపొయ్యింది" అన్నాడు సుందర్.

ఆ నీళ్లు పనిచేశాయో నవ్వు పనిచేసిందో గానీ కాళ్లు కదిలాయి. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఇక పోటీ లేదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకేసారి గీత దాటాలి. అబద్ధాలు చెప్పిన ఆడవాళ్లకి అలా బుద్ధి చెప్పాలి. అలాగే మాట్లాడుకుంటూ, కొంత పరుగు, కొంత నడక చేసుకుంటూ చివరి మలుపుకి వచ్చారు. చేతులు పట్టుకున్నారు. దూరంగా ఆనందీ దేవిప్రియా లేచి నిలబడ్డారు. వాళ్ల పక్కన కమలమ్మాళ్ చెయ్యి ఊపుతూ అరిచింది.

"ఎవురు ముందు వస్తా ఉండారు?"

చేతులు ఎప్పుడు వదిలారో వాళ్లకే తెలియదు. భుజాలు రాసుకుంటూ, పళ్లు బిగించి, పిక్కల నొప్పి ఏమైందో గానీ ఇద్దరూ పోట్లగిత్తల్లా దూసుకొచ్చి గీత అవతల ఒకరి మీద ఒకరు పడ్డారు.

ఫలితం ఫోనుకి వచ్చింది. కనురెప్పపాటు తేడాలో సుందర్ ముందు. ఆనంది ఇచ్చిన మజ్జిగ గుక్క కూడా వేయకుండానే పద్మనాభన్ వాదన మొదలుపెట్టాడు.

"మొదట్లో గుంపు ఎక్కువ బావా. నేను బయలుదేరిన గీత దాటిందే నీ తరవాత. ఆ లెక్కన నేనుదా ముందు."

"ఫోన్లో ఏం రాసుండాది? అది చదువు."

"ఫోనుకేం తెలుసు?"

ఇదే మాట మదురైలో టిఫిన్ తింటూ, వ్యాన్లో వస్తూ, ఇంటి ముందు దిగేటప్పుడూ సాగింది. అబద్ధాల సంగతి మీద ఆడవాళ్లని నిలదీయాలన్నది ఇద్దరూ మరిచేపోయారు. ఆనందే గుర్తుచేసి, అన్నీ తామిద్దరూ ఫోన్లో కల్పించినవేనని గర్వంగా చెప్పుకుంది. తడి తల మాట మాత్రం దేవిప్రియదేనని ఒప్పుకుంది.

పరుగు అయిపోయాక రెండు వారాలు పద్మనాభన్ పొద్దెక్కేదాకా మంచం దిగలేదు. కబుర్లు చెప్పేవాళ్లు లేరు. చెప్పినా నమ్మేవాడు లేడు. పొట్ట మెల్లగా వెనక్కి రాబోతుండగా ఒక ఆదివారం తెల్లవారుజామున వాకిట్లో బైకు ఆగిన చప్పుడైంది. సత్రపట్టి నుంచి సుందర్, బూట్లతో సహా.

"లెయ్యి బావా. రాత్రంతా ఆలోచించినాను. బయలుదేరిన గీత నువ్వు నా తరవాత దాటినావనేదానికి సాక్షి ఎవరు?"

పద్మనాభన్ మంచం మీదినుంచి దూకాడు. సాక్షులు ఎవరెవరో చెప్పుకుంటూనే బూట్లు కట్టుకున్నాడు. ఇద్దరూ వాదించుకుంటూ మంసాపురం రోడ్డెక్కారు. కొబ్బరి తోటల దగ్గర వెనక్కి తిరగాలని అనుకున్నారు. కానీ సుందర్ ఒక పాయింటు తీశాడు, పద్మనాభన్ దానికి జవాబు చెప్పాడు. తోటలు దాటిపోయాయి. మామిడి తోపు దాటిపోయింది. ఒకచోట కుక్కలు మొరిగాయి, పట్టించుకోలేదు. ఇద్దరూ గొంతు ఎండి నిలబడి చుట్టూ చూసేసరికి మంసాపురం కూడా వెనకపడిపోయి, తెలియని ఊరి టీ అంగడి ముందున్నారు. జేబులో ఫోను లేదు, బస్సు లేదు, ఎండ నెత్తికెక్కింది. వచ్చిన దారంతా మళ్లీ పరుగెత్తాల్సిందే.

ఇంటి దగ్గర ఇడ్లీలు చల్లారిపోయాయి. కమలమ్మాళ్ వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతోంది.

"ఇంత పొద్దెక్కినాది, వీళ్లు ఎక్కడికి పొయ్యినారే?" అంది.

"మాట్లాడుకుంటా పోతా ఉంటారత్తా" అంది ఆనంది, చట్నీకి తాలింపు వేస్తూ. "తీర్పు ఇంకా రాలేదు గదా."