కుక్క కోసం తగ్గిన నడక

మా ఆయనకు మెల్లగా నడవడం రాదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటికి ఎట్లా వస్తాడో, నన్ను వెంటబెట్టుకుని అంగడికి పోయినా అట్లాగే పోతాడు. ఏళ్ల తరబడి చాట ఒళ్లో పెట్టుకుని, కాలు మడిచి కూర్చుని బీడీలు చుట్టీ చుట్టీ నా కుడి మోకాలు పట్టేసింది. "జర ఆగు" అని వెనక నుంచి అరిస్తే, "నువ్వే జర జల్ది రా" అనేవాడు.

అట్లాంటి మనిషికి ఒక కుక్క ఉండేది. అది చెరుకు బండి మీద నుంచి దూకి, వెనక కాలు ఒకటి కింద ఆనించలేక ఎత్తి పట్టుకుంది. ఎముక విరిగిందనుకుని ఈయన వెదురు బద్దలు పెట్టించి, గుడ్డు సొన రాయించి కట్టు కట్టించాడు. వాపు పెరిగిందే గాని అది కాలు కింద పెట్టలేదు. నిజామాబాద్ పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఆ కట్టు విప్పి, తొడను ఒక చేత్తో పట్టుకుని, మోకాలి కింది ఎముకను ముందుకు జరిపి చూపించాడు. సొరుగు లాగినట్టు జరిగింది.

"ఎముక మంచిగనే ఉంది. మోకాలి లోపల రెండు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగింది" అన్నాడు. చిన్న కుక్కయితే కదలనివ్వకుండా ఉంచితే చాలావరకు సర్దుకుంటుందట. ఇంత బరువున్నదానికి ఆపరేషనే మేలట. కీలు పక్క నుంచి గట్టి నైలాన్ దారం వేసి బిగిస్తారు. ఎముకనే కోసి, వాలు మార్చి, స్టీలు పలక బిగించే పద్ధతి కూడా ఉంది గాని అది మన దగ్గరికి ఇంకా రాలేదన్నాడు. దారం వేసేది హైదరాబాదులో.

పెళ్లయిన కొత్తలో నాకు చూపిస్తానన్న హైదరాబాదును మా ఆయన కుక్కకు చూపించాడు. చక్కెర లారీలో, ఒళ్లో పడుకోబెట్టుకుని మరీ తీసుకుపోయాడు. నాకు ఒళ్లు మండింది.

తిరిగొచ్చాక చూడాలి ఆ సేవలు! పెరట్లోకి పోవాలంటే దాని కడుపు కింద తువ్వాల వేసి, రెండు కొసలు పట్టి నడుము లేపి నడిపించేవాడు. షాబాదు బండల మీద జారుతుందని గోనె సంచులు పరిచాడు.

"నేను గూడ జారుతున్న, నాకేం పరుస్తవ్?" అన్నాను.

"నీకేమైంది? మంచిగనే ఉన్నవ్ గద" అన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకు. ఆ కుక్కను చూస్తే నాకు సవతిని చూసినట్టే ఉండేది.

కుట్లు విప్పాక, రోజూ తాడు వేసి మెల్లగా నడిపించమన్నారు. ఒక సాయంత్రం నేనూ చెప్పులేసుకుని బయల్దేరాను. చెరుకు ట్రాక్టర్లు పోయే రోడ్డు పక్కన కుక్క ఆచితూచి అడుగేస్తోంది. ఆయనా దానితో పాటే. అది నా మోకాలికి సరిపోయే నడక. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన వీపు కాకుండా ముఖం చూస్తూ నడిచాను.

"చెరుకు మంచిగొచ్చింది సూడు" అన్నాడు. నాతో అన్నాడా, దాంతోనా అని అనుమానమొచ్చింది. అయినా ఊఁ కొట్టాను. ఆ తర్వాత రోజూ సాయంత్రమయ్యేసరికి బీడీల చాట పక్కన పెట్టేసి వాళ్ల వెంట బయల్దేరేదాన్ని.

చెరుకు కోతలు అయిపోయే నాటికి నిజామాబాద్ డాక్టరు దాని మోకాలు మళ్లీ జరిపి చూశాడు. జరగలేదు. ఇక ఉరకనివ్వండి అన్నాడు. మా ఆయన సంబరానికి అంతులేదు. నాకు మాత్రం అది ఇంకొన్నాళ్లు కుంటితే ఏం పోయేదనిపించింది.

మరుసటి రోజు అదే రోడ్డు మీద తాడు విప్పేశాడు. కుక్క ఉరికింది. దాని వెనక ఈయన, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ.

"జర ఆగు" అని అరిచాను.

కుక్క ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆయన పోతూనే ఉన్నాడు.