రెండు గంటల సైరన్

నా కుడి బొటనవేలు వంకర. దాన్ని విరిచింది నా మరిది. నా భర్త గనిలో పైకప్పు కూలి చనిపోయిన పదకొండో రోజున, ఇంటినిండా చుట్టాలు ఉండగానే విరిచాడు. గనిలో మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారు. ఆ నౌకరీ తనకు ఇస్తే నాకేం అభ్యంతరం లేదని కాగితం రాయించుకొని వచ్చాడు. దాని మీద నా వేలిముద్ర పడాలి. నాకు చదువు రాదు గాని ఆ కాగితం దేనిదో తెలుసు. పిడికిలి బిగించాను. జుట్టు పట్టి నా తలను గోడకు కొట్టాడు. పిడికిలి విప్పలేదు. చివరికి నా చేతిని రోలు అంచున పెట్టి మడమతో తొక్కాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

చుట్టాలంతా చూస్తూ నిలబడ్డారు. పక్క క్వార్టరు పిల్ల ఒక్కతే రోకలి ఎత్తుకొని లోపలికి వచ్చింది. అప్పుడు ఇంటర్ చదువుతోంది, ఊదితే పడిపోయేటట్టు ఉండేది.

"కాలు తీస్తవా, తలకాయ పగులగొట్టాల్నా?" అంది.

మరిది నవ్వాడు. నవ్వాడు గాని కాలు తీశాడు.

పాత చాట విరిచి, ఆ బద్దలు వేలికి అటూ ఇటూ పెట్టి కట్టుకట్టింది ఆ పిల్లే. ఎడమ చేత్తో సంతకం పెట్టడం నేర్పింది. ఆ సంతకంతోనే నౌకరీ నాకు వచ్చింది, ఆఫీసు ఊడ్చే పని. వేలు మాత్రం వంకరగా అతుక్కుంది. అది కనబడ్డప్పుడల్లా "నా మొదటి పేషెంటువు అక్కా, కరాబు చేసిన" అని నవ్వేది. పదేళ్లు చిన్నది నాకంటే. అయినా నాకు దోస్తు అంటే అదే.

ఆ పిల్లకు నేపాల్‌లో డాక్టరు చదువు దొరికింది. మూడో ఏడు చదువుతుండగా అక్కడ అడవిలో ఉన్నవాళ్లకూ సర్కారుకూ పోరు ముదిరింది. మా దగ్గర కూడా ఒకప్పుడు అన్నలు, పోలీసులు అంటూ నెత్తురు పారిందే కాబట్టి పోరంటే ఏమిటో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. హోళీ సెలవులకు కాలేజీ పిల్లలంతా ఇళ్లకు పోతుంటే ఇది మాత్రం రానని ఫోన్‌లో చెప్పింది. వాళ్లమ్మ, నేను చిన్నమ్మ అని పిలుస్తాను, మూడు రోజులు అన్నం ముట్టలేదు. తండ్రి రోగంతో మంచం పట్టి ఉన్నాడు. దాన్ని తేవాలంటే నేనే పోవాలి.

"బతిమాలుడు వద్దు," అంది చిన్నమ్మ. "జుట్టు పట్టి గుంజుకరా. చదువు లేకుంటే మానె, నాకు బిడ్డ కావాలె."

తెస్తానని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. సెలవు పెట్టి, దానికోసం మామిడి తొక్కు సీసా సంచిలో వేసుకొని, రామగుండంలో గోరఖ్‌పూర్ బండి ఎక్కాను. అక్కడినుంచి బస్సులో సరిహద్దు. దాటుతుంటే నన్ను ఒక్కమాట ఎవరూ అడగలేదు. దాటిన తరువాతే మొదలైంది. రోడ్డు పక్కన కాలిపోయిన బస్సు, సీట్లు పోయి ఇనుప చువ్వలు మిగిలాయి. దాని కింద ఒకే ఒక చెప్పు. సర్కారు సిపాయిలు మా బస్సు ఆపి అందరినీ దింపి, నా వెనక నిలబడ్డ ముసలాయనను తుపాకి మడమతో వీపున గుద్దారు. ఎందుకో ఆయనకూ తెలియదు. తొక్కు సీసాను కూడా తుపాకి మొనతో కెలికి చూశారు.

మధ్యాహ్నానికి ఆ పిల్ల గదికి చేరాను. మేడ మీద గది, కిటికీ పక్కన అర, అరలో గాజు సీసాలు, గ్లాసులు. నన్ను చూసి మెడకు చుట్టుకుంది. చేతులు మందుల వాసన. ఊపిరి తీసుకోకుండా "నడువు, బట్టలు సర్దుకో" అన్నాను. రానంది. దవాఖానలో దెబ్బలు తగిలినవాళ్లు నేల మీద కూడా పడుకొని ఉన్నారని, పిల్లలంతా పోతే వాళ్లను చూసేవాళ్లు ఎవరని మొదలుపెట్టింది. నాకు చిన్నమ్మ ముఖం కళ్లముందు తిరిగింది. నిజంగానే జుట్టు పట్టుకున్నాను. తలుపుదాకా ఈడ్చాను. తలుపు పట్టుకొని ఆగిపోతే చెంప మీద రెండు కొట్టాను.

ఏడవలేదు. నా చేతిని చూసి అంది: "నీ మరిది కంటే మెల్లగ కొడ్తున్నవక్కా."

అప్పుడే బయట సైరన్ మోగింది.

మా క్వార్టర్లలో రోజూ రెండు గంటలకు సైరన్ మోగుతుంది. ఆ వెంటనే పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ చేస్తారు. ఇల్లంతా అదురుతుంది, గోడలు చీలుతాయి. సైరన్ వినగానే ఆడవాళ్లం ఎక్కడి పని అక్కడ వదిలేసి గిన్నెల అర దగ్గరికి పోయి, కింద పడకుండా రెండు చేతులూ అడ్డం పెడతాం. చప్పుడు అయిపోతే మళ్లీ పనిలో పడతాం. అంతే, ఏళ్లకేళ్ల అలవాటు. ఆ పరాయి ఊళ్లో కూడా నా కాళ్లు వాటంతట అవే పోయాయి. కిటికీ దగ్గరికి పోయి దాని గాజు సీసాలకు చేతులు అడ్డం పెట్టాను.

"కింద పండుకో అక్కా" అని అరిచింది. దేనికి అరుస్తున్నదో అనుకున్నాను.

కిటికీ మొత్తం నా మీదికి వచ్చింది. చెవులకు ఏమీ వినబడలేదు. చూస్తే మోచేతినుంచి మణికట్టుదాకా చెయ్యి తెరుచుకొని ఉంది, లోపల తెల్లగా కనిపించింది. చంపి కోసిన కోడిలో తప్ప అట్లాంటిది నేను చూడలేదు. నేల మీదినుంచి ఆ పిల్లే మొదట లేచింది. చున్నీ చింపి నా చెయ్యి బిగించి, నన్ను లాక్కుంటూ మెట్లు దిగి దవాఖానకు ఉరికింది. బాంబు పేలిన వీధిలో జనం ఇంకా నేలకు కరుచుకొనే ఉన్నారు. ఒక కూరగాయల బండి తిరగబడి ఉంది, బండి మనిషికి కాలు లేదు.

దవాఖానలో నన్ను గోడకు కూర్చోబెట్టి, "నీ వంతు వచ్చేదాక చెయ్యి పైకి పట్టుకో" అని పోయింది. సాయంత్రందాకా కూర్చున్నాను. బండి మనిషి నా ముందే చనిపోయాడు. ఆ పిల్ల బట్టలు మోకాళ్లదాకా ఎర్రగా తడిశాయి. చివరికి నా దగ్గరికి వచ్చి, పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూస్తుండగా, నా చెయ్యి కుట్టింది. సూది గుచ్చిన ప్రతిసారీ దాని చేతినే చూశాను. కుట్లన్నీ ఒకే వరుసలో పడ్డాయి.

"ఇదన్న సక్కగ అతుకుతదిలే," అంది.

ఇంటికి నడవమని నేను మళ్లీ అనలేదు.

నాలుగో రోజు ఒక్కదాన్నే తిరుగు బండి ఎక్కాను. క్వార్టరు ముందు చిన్నమ్మ నిలబడి ఉంది. నా వెనక చూసింది. ఎవరూ లేరు. దగ్గరికి వచ్చి చెంప పగిలేటట్టు కొట్టింది, నేను కదల్లేదు, ఇంకొకటి కొట్టింది. లోపలికి పోయాను. వెంటే వచ్చి, చెయ్యి వేసి చెప్పి మోసం చేశానని తిట్టడం మొదలుపెట్టింది.

రెండు గంటల సైరన్ మోగింది. చిన్నమ్మ తిట్లు ఆపి, అలవాటుగా నా గిన్నెల అర పట్టుకుంది. నేను నేల మీద బోర్లా పడి ఉన్నాను, తల మీద చేతులు. ఎప్పుడు పడ్డానో నాకే తెలియదు. ఇల్లు అదిరింది. చెంబు దొర్లింది. చప్పుడు పోయాక చూస్తే చిన్నమ్మ అర వదిలేసి నన్నే చూస్తోంది. నా చేతికట్టు చూసింది, కట్టు జారి బయటపడ్డ కుట్లు చూసింది. పక్కన కూలబడింది.

"నా బిడ్డ గక్కడ రోజూ గిట్లనే పండుకుంటదా?" అంది.

"లేదు చిన్నమ్మా," అన్నాను. "అందరు పండుకుంటరు. అది లేచి ఉరుకుతది."