ఒరాజ్‌ఖాన్ మూడో కెమెరా

ఇరవై ఏడేళ్లు అల్మాటీ దగ్గరి అస్సీ కొండ మీది ఖగోళ కేంద్రానికి లారీ తోలాడు ఒరాజ్‌ఖాన్. శాస్త్రవేత్తల్నీ, వాళ్ల అద్దాల పెట్టెల్నీ, బంగాళాదుంపల బస్తాల్నీ ఒకే జాగ్రత్తతో పైకి చేర్చాడు. పైన వాళ్లు ఆకాశాన్ని ఫొటోలు తీసుకుంటూంటే తను ఇంజనుకి కంబళి కప్పి పక్కన కూర్చునేవాడు. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున చేతిలో ఒక గోడ గడియారం పెట్టారు. "ఫొటోలేమో వాళ్లకి, గడియారం నాకు! ఇప్పుడు టైము చూసుకుని ఎక్కడికి పోవాలట?" అని వారం రోజులు విసుక్కున్నాడు. అప్పట్నుంచీ ఒకటే పట్టు. తన వేసవి గుడారం మీద కనిపించే పక్షుల దారిని, అదే పాలపుంతని, తన చేత్తో ఒక్క ఫొటో తియ్యాలి.

అందుకని రెండుసార్లు కెమెరా కొన్నాడు. రెండింటినీ మేనల్లుడు ఎరాసిల్ పట్టుకుపోయాడు. దొంగతనం అనడానికి లేదు, వాడి హక్కు. ఇక్కడ మేనల్లుడు మేనమామ ఇంట్లో తనకి నచ్చింది మూడుసార్లు అడగొచ్చు, కాదనకూడదు. పూర్వం గుర్రాలనీ, వేటకుక్కలనీ అడిగేవారు. ఎరాసిల్ పెళ్లిళ్లకి వీడియోలు తీసి బతికేవాడు, ముప్పై దాటినవాడు; గుర్రమేం చేసుకుంటాడు? వాళ్లింట్లో అతిథిగా దిగిన నేను అంతకుముందు తిరిగిన చాలా దేశాల్లో మేనమామలు పెళ్లికి బట్టలు పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. ఒరాజ్‌ఖాన్‌కి ఆ అదృష్టం లేదు. మేనల్లుడు అడగాల్సింది ఇంకొక్కటి మిగిలే ఉంది.

ఈ వసంతంలో గోధుమరంగు గుర్రప్పిల్లని అమ్మాడు. అందరిలాగే మెడలో పలుపు మాత్రం విప్పి ఇంట్లో మేకుకి తగిలించాడు. పశువు వెళ్లిపోయినా దాని అదృష్టం పలుపుతోపాటు ఇంట్లో ఉండాలి గదా. ఆ డబ్బుతో ఒక్కటే కెమెరా వస్తుంది, అదే మూడు పనులూ చెయ్యాలి. భార్య కులాష్ అమ్మే ఎండు పెరుగుండలు తెల్లగా కనపడాలి. మనవరాలి గెంతులు వీడియోలో పడాలి. చీకట్లో చుక్కలు రావాలి.

ఇక సలహాలు మొదలయ్యాయి. పశువుల డాక్టరు వెలుతురు పట్టే సెన్సర్ పెద్దదుండాలన్నాడు. లెక్కల టీచరమ్మ సెన్సర్ సంగతి తర్వాత, లెన్స్ చూసుకోమంది. అల్లుడు ఫోను చాలన్నాడు; ఫోనుతో తాను తీసిన పాలపుంతని చూపించాడు కూడా. నల్లటి పలకలా ఉంది. రెండు నెలలు ఇదే గోల.

చివరికి నన్ను వెంటబెట్టుకుని అల్మాటీలో పాత కెమెరాల కొట్టుకి వెళ్లాడు.

"దీన్ని ఎన్నిసార్లు నొక్కారమ్మా?" అని కొట్టులో పిల్లని అడిగాడు.

"లక్షా ఇరవై వేలు, తాతా."

"పళ్లరిగిన గుర్రం. ఇంకోటి చూపించు."

ఆ పిల్ల వెండిరంగుది తీసింది. తేలిక, తెర ఎటంటే అటు తిరుగుతుంది, నడుస్తూ తీసినా వీడియో ఊగదు, చీకట్లోనూ ఫర్వాలేదు. ఒరాజ్‌ఖాన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మొహం మాడ్చుకుని బల్లమీద పెట్టేశాడు.

"నచ్చలేదా?" అన్నాను.

"నచ్చింది. అదేగా ఏడుపు! నాకు నచ్చిందంటే వాడికీ నచ్చుతుంది. అమ్మా, చూడగానే ఎవడికీ అడగబుద్ధి కానిది ఉందా?"

"తాతా, మీరు కొనేది కెమెరానా, దిష్టిబొమ్మా?" అని ఆ పిల్ల బల్లకింద నుంచి ఒకటి లాగింది. ఇటుకంత బరువు, రబ్బరు ఊడింది, తెర తిరగదు. సెన్సర్ మాత్రం పెద్దది. నడుస్తూ తీస్తే వీడియో ఊగిపోతుంది, మూడు కాళ్ల స్టాండు మీదయితే ఊగదు. దానికి వెడల్పాటి లెన్స్ విడిగా కొనాలి, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. "చుక్కలు పరిగెత్తి ఎక్కడికీ పోవులెండి, నిదానంగా తిప్పుకోండి" అంది.

ఒరాజ్‌ఖాన్ కెమెరా, లెన్స్ రెండూ కొనేశాడు. జూన్‌లో ఎరాసిల్ దాన్ని చూశాడు.

"మావయ్యా, ఇది కెమెరానా, నీ లారీలోంచి ఊడిన ముక్కా?"

"లారీదే. నీకెందుకులే."

"ఊరికే ఇచ్చినా వద్దు!"

ఒరాజ్‌ఖాన్ ఆ పూట గుర్రప్పాలు రెండు గిన్నెలు ఎక్కువ తాగాడు.

ఆగస్టు అమావాస్యకి స్టాండు నిలబెట్టాడు. ఒక్కో ఫొటోకీ ఇరవై సెకన్లు. ఒకదాంట్లో కుక్క అడ్డమొచ్చింది, ఒకదాంట్లో కులాష్ టార్చిలైటు. "ముసలాడా, చలికి చస్తావు" అని ఆవిడా, "దీపం ఆర్పవే" అని ఇతనూ. నలభై పాడయ్యాయి. నలభై ఒకటోదాంట్లో గుడారం, సన్నటి పొగ, పైన ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పక్షుల దారి. కెమెరాని టోపీలో పెట్టుకుని పడుకున్నాడు.

పొద్దున కులాష్ కెమెరా తెరని ఫోనుతో ఫొటో తీసి, సిగ్నల్ దొరికే దిబ్బ ఎక్కి, పెరుగుండలు అమ్మే గ్రూపులో పెట్టేసింది. అందులో మేనల్లుడున్న సంగతి ఆవిడకి తట్టలేదు.

మధ్యాహ్నానికి ఎరాసిల్ కారు దిగాడు. టీ కూడా ముట్టలేదు.

"మావయ్యా, మూడోది అడుగుతున్నాను. ఆ కెమెరా."

"ఊరికే ఇచ్చినా వద్దన్నావు గదరా!"

"అప్పుడు దాని సంగతి తెలీదు."

ఒరాజ్‌ఖాన్ భార్యవైపు చూసిన చూపుకి పెరుగుండలు పుల్లబడాలి, అవి ముందే పుల్లవి గనక బతికిపోయాయి. గుడారంలోకి వెళ్లాడు, చాలాసేపు రాలేదు. వచ్చి మేనల్లుడి చేతిలో కెమెరా పెట్టాడు. దాని మొహం మీద గుండ్రటి కన్నం.

"లెన్స్ ఏదీ?"

"గుర్రాన్ని అడిగావు, ఇచ్చాను. పలుపు కూడా ఇస్తారేమిట్రా?"

"ఇది గుర్రమా, మావయ్యా!"

"గుర్రప్పిల్లని అమ్మే కొన్నాను. నాకది గుర్రమే."

ఎరాసిల్ నావైపు తిరిగాడు. నాకు ఆ క్షణంలో దూరంగా మేస్తున్న గొర్రెలు చాలా ఆసక్తికరంగా కనిపించాయి. "పద్ధతే కదా, నాయనా" అంటూ కులాష్ టీ పోసింది. వాడి లెన్సులేవీ దానికి పట్టవు.

ఆ రాత్రి వాడు కొండ దిగలేదు. ఒరాజ్‌ఖాన్ జేబులోంచి లెన్స్ తీసి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే బిగించి, మొదటి ఫొటో తనే నొక్కాడు.

"మూడూ అయిపోయాయి, గుర్తుందా?" అన్నాడు.

"ఉంది. లెన్స్ సంగతి మా అబ్బాయి పుట్టాక వాడు చూసుకుంటాడు, వాడికీ అడిగే హక్కుంటుందిగా."

"ఊళ్లో అందరి పెళ్లిళ్లూ తీస్తావు, నీదెప్పుడురా? ముందా ఫోను ఆర్పు, వెలుతురు పడుతోంది."