సౌభాగ్య అప్పగించిన ఛార్జి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పార్సిల్ ఆఫీసు గుమస్తా సౌభాగ్య రాసిన ఒక కాగితం నా దగ్గర ఉంది. నేను అదే ఆఫీసులో పాతికేళ్ళు హెడ్ క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. కాగితం పారేయడం నాకు చేతకాదు.

2006లో ఆమె ఆర్కుట్‌లో, అంటే ఫేస్‌బుక్ కంటే ముందు మనవాళ్ళంతా చేరిన నెట్ అడ్డాలో, ఒక హాస్యనటుడి పేరిట అభిమాన సంఘం తెరిచింది. సినిమాలో రెండు నిమిషాలకు మించి కనిపించని మనిషి. అయితే అతడు మాట్లాడేది మా రైల్వే క్వార్టర్లలో వినిపించే ఉత్తరాంధ్ర తెలుగు. మొదట చేరినవారు తొమ్మిదిమంది, అందరూ మా క్వార్టర్లవారే. వారి కబుర్లు చూసి ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలు వచ్చాయి. ఆ వెనుక విశాఖ, చివరకు హైదరాబాదు. రెండేళ్ళకు ఏడువేలు దాటారు. హిందీ బడిలో చదివి తెలుగు లిపి సరిగా రాని సౌభాగ్య డ్యూటీ దిగి, దయాల్‌బంద్ నెట్ సెంటర్లో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ప్రతి ఒక్కరికీ జవాబిచ్చేది.

2008లో తల్లి కంటి ఆపరేషనుకు పదిహేను రోజులు సెలవు పెట్టింది. సెలవుపై వెళ్ళే రైల్వే ఉద్యోగి ఛార్జి అప్పగించి వెళ్తాడు. తిరిగి వచ్చిన ఉదయమే పుచ్చుకుంటాడు. ఆ అలవాటు కొద్దీ సంఘం యాజమాన్యాన్ని జానకిరామ్ అనే హైదరాబాదు సభ్యుడి పేరుకు మార్చింది. తేదీలతో సహా ‘ఛార్జి ఇచ్చాను’ అని అతడికి మెయిలు రాసి, నకలు నాకిచ్చింది.

తిరిగి వచ్చి అడిగితే అతడి జవాబు: “ఓనర్ ఎవరో పేజీలో చూసుకోండి, మేడమ్. ముందు తెలుగు నేర్చుకోండి.” మూడోసారి అడిగేసరికి ఆమె సభ్యత్వమే తీసేశాడు. ఏడువేల మందిని పోగుచేసిన మనిషికి భాష నేర్పే అధికారం అతడికి ఎవరిచ్చారు?

నేను ఊరుకోలేదు. వాళ్ళిద్దరి మెయిళ్ళ నకళ్ళు పదకొండు జతచేసి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను.

“ఎవరికి పంపుతావు మావయ్యా?” అంది సౌభాగ్య.

“ఆర్కుట్‌లో పై అధికారి ఉండడా?”

“అచ్ఛా. ఆయనది ఏ డివిజనో?”

“వెటకారమేటే? పోనీ, కొత్తది తెరువు.”

“జనమంతా అక్కడే ఉన్నారు. ఖాళీ గదిలో కూర్చుని ఎవరితో మాట్లాడను?”

మరునాడు నన్ను నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. తాను తెరిచిన సంఘంలోనే మామూలు సభ్యురాలిగా చేరడానికి దరఖాస్తు మీట నొక్కింది. యజమాని అనుమతి వచ్చేవరకు ఆగమని తెర మీద వచ్చింది.

“ఇదీ ప్రింటు తియ్యమంటావేటి?” అంది, నా వైపు తిరక్కుండానే.

తియ్యమన్నాను. జతపరిచిన నకళ్ళు పన్నెండయ్యాయి. అనుమతి రాలేదు. ఫిర్యాదు మీద చిరునామా రాయవలసిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.