బాల్కనీ దిగిన వేడినీళ్ళ తొట్టి

ఆమెను బంధువులంతా ఫ్యూజు వదిన అంటారు. వరసకి వదిన కానివాళ్ళు కూడా అంతే. చేసేది కరెంటు పని. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు మెయిన్ స్విచ్చు ఎక్కడుందో చూసుకుని, ఆ తరవాతే చేతులు కడుక్కుంటుంది. నవ్వేవాళ్ళని నవ్వనిస్తుంది. వేడినీళ్ళ తొట్లు బిగించడంలో మాత్రం ఆమె మాటకి తిరుగులేదు.

తిరుగున్నది ఒక్క ఆడపడుచు దగ్గరే. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ ఈమెతో అంటీముట్టనట్టే ఉండేది. ఇంట్లో బల్బు మాడినా బయటివాళ్ళనే పిలిపించేది. అలాంటిది ఓ పొద్దున తనే ఫోన్ చేసింది. "వదినా, హాట్ టబ్ కొన్నాం. నువ్వే వచ్చి బిగించాలి. సాయంత్రం చుట్టాల్ని కూడా పిలిచాను."

ఫ్యూజు వదినకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్క్రూడ్రైవర్లు తుడిచి మరీ సంచిలో పెట్టుకుంది. ఈ ఒక్క పనీ సవ్యంగా జరిగితే చాలు, ఆ పిల్ల తనని మనిషిగా చూస్తుందని ఆమె ఆశ.

తీరా వెళ్ళి చూస్తే తొట్టిని మేడ మీద బాల్కనీలో పెట్టేశారు. ఇంకా చుక్క నీరు పట్టని ఆ తొట్టిలో, కూతురింట్లోనే ఉంటున్న అత్తగారు కాళ్ళు బారజాపుకుని మహారాణిలా కూర్చుని ఉంది.

"అన్నయ్యగారూ, బాల్కనీ దీన్ని మోస్తుందో లేదో ఎవరినైనా అడిగారా?"

"ఎందుకడగలేదు చెల్లెమ్మా! మేస్త్రీకి తొట్టి బరువు చెప్పాను. భేషుగ్గా మోస్తుందన్నాడు" అన్నాడు ఆడపడుచు భర్త.

"మరి నీళ్ళ బరువు?"

ఆయన తల గోక్కున్నాడు. "నీళ్ళ సంగతి కూడా చెప్పాలా?"

"నిండా పట్టి నలుగురు దిగితే మీ కారుకంటే బరువండీ. కారుని తెచ్చి బాల్కనీలో నిలబెడతారా?"

ఆడపడుచు మొహం కందగడ్డయింది. "పిలవక పిలవక పిలిస్తే ఇదా వదినా? చుట్టాల ముందు నా పరువు తీద్దామనా? నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకళ్ళని పిలుచుకుంటాను" అంటూ విసురుగా పైపు తిప్పింది.

ఫ్యూజు వదినకి ఏడుపొక్కటే తక్కువ. సరేనని తలూపితే ఇన్నేళ్ళ ముభావం ఈపూటే పోతుంది. కానీ ఆ బాల్కనీ కింద పిల్లలు ఆడుకుంటున్నారు. ఆమె పైపు కట్టేసింది. చెప్పులతో సహా తొట్టిలోకి దిగి, అత్తగారి పక్కన చతికిలబడింది.

"ఇది కిందికి దిగేదాకా నేను లేవను. కావాలంటే నా నెత్తి మీదే నీళ్ళు పట్టుకో."

"కాస్త అటు జరుగమ్మాయ్" అంది అత్తగారు. తరవాత కూతురి వైపు చూసి, "నేనూ లేవను. ఈ మోకాళ్ళతో ఎటూ లేవలేననుకో" అంది.

అన్నయ్యగారు పగలబడి నవ్వాడు. ఆడపడుచు నవ్వలేదు, కానీ తొట్టి దింపడానికి మనుషుల కోసం ఆవిడే వెళ్ళింది.

పెరట్లో గట్టి కాంక్రీటు గచ్చు ఉంది. తొట్టిని దాని మీద కూర్చోబెట్టి, ఫ్యూజు వదిన దానికని విడిగా వైరు లాగింది. కరెంటు ఏమాత్రం లీకైనా టక్కున ఆగిపోయే బ్రేకరు పెట్టింది. తొట్టిలో కూర్చున్నవాళ్ళ చెయ్యి అందకుండా స్విచ్చుని దూరంగా బిగించింది. పిల్లలు తెరవకుండా మూతకి తాళం వేయించింది. అత్తగారికి బీపీ కాబట్టి డాక్టరు సరేననే దాకా గట్టు మీద కూర్చుని పాదాలు ముంచుకోవడమే అని తేల్చి చెప్పింది. అత్తగారు మూతి ముడుచుకుంది.

సాయంత్రం చుట్టాలొచ్చారు. ఆడపడుచు మధ్యాహ్నం నుంచీ ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఫ్యూజు వదిన సంచి సర్దుకుని, చప్పుడు చెయ్యకుండా గేటు దాకా వచ్చింది.

వెనక ఎవరో అంటున్నారు. "ఇంత ఖర్చు పెట్టి పెరట్లో మూల పెట్టారేంటండీ? పైన బాల్కనీలో అయితే ఎంత దర్జాగా ఉండేది!"

"మా వదిన వద్దంది" అంది ఆడపడుచు ఠక్కున. "ఆవిడ వద్దంటే వద్దే. వదినా, ఎక్కడికా వెళ్ళడం? నువ్వు దిగనిదే ఇందులో ఎవరూ దిగరు."

ఫ్యూజు వదిన కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.