పొట్టేలుకు కట్టిన గోనె

అమ్మమ్మ చివరిగా చేసిన పని, నాలుగు కొమ్ముల పొట్టేలు పొట్టకింద గోనెపట్టా కట్టడం. అది ఆడగొర్రెల మీదికి ఎక్కకుండా ఎండాకాలంలో కడతాం, తొలి మంచుకు విప్పేస్తాం. అప్పుడే పిల్లలు గడ్డి మొలిచే వేళకు పుడతాయి. ఆ రోజే తొలి మంచు పడింది. ఆమె విప్పలేదు సరికదా, పాతది చిరిగిందని కొత్తది కట్టింది.

"అందరూ పెళ్ళిళ్ళు చేసే వేళ నువ్వు పెళ్ళికొడుకుని కట్టేస్తావేంటమ్మా?" అంది చిన్నమ్మ ఆర్వెల్లా, కంచె మీదికి వంగి.

"వీడికి పెళ్ళిళ్ళు చాలు. వెళ్ళి కాఫీ పెట్టు. నిన్న నువ్వు పెట్టింది గుర్రం కూడా తాగదు."

నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాం. తెల్లారి అమ్మమ్మ లేవలేదు.

మైల తీరాక మంద ముందు నిలబడితే నాకేమీ తోచలేదు. మందలు ఎక్కువై మేత చాలడం లేదని సర్కారువాళ్ళు మా తెగ గొర్రెలను కాల్చి చంపిన రోజుల్లో అమ్మమ్మ తల్లి లోయలో దాచిన వాటి సంతతి ఇవి. మగ్గానికి పనికొచ్చే ఈ పొడవాటి బొచ్చు వేరే గొర్రెలకు రాదు. మాకున్న పొట్టేలు అదొక్కటే. గొర్రెలా, చాలావరకు ముసలివైపోయాయి. ఈ చలికాలం దాటితే వాటికి మరో ఈత ఉందో లేదో.

"విప్పేద్దాం చిన్నమ్మా."

"పోయినవాళ్ళ చేతి ముడి ముట్టుకుంటావా? పిచ్చా నీకు?"

"మరి పిల్లలు?"

"ఆవిడ ఊరికే కట్టదు. ఎందుకు కట్టిందో మాత్రం నన్నడక్కు."

పొద్దున విప్పుదామనుకునేదాన్ని, సాయంత్రానికి వద్దనుకునేదాన్ని. మతిమరుపా? మంద ఇక చాలించమనా? పొట్టేలు నన్నే చూసేది, నేనేదో చెప్పబోతున్నట్టు.

వసంతం వచ్చింది. దొడ్లో ఒక్క పిల్ల అరవలేదు.

ఉన్ని కత్తిరించే రోజుల్లో లోయ అవతలి డెజ్బా అవ్వ దారిలో ఎదురైంది.

"మీ మందలో వయసులో ఉన్నవన్నీ ఆ పొట్టేలు కూతుళ్ళేనటగా. వాటికైనా వావివరుసలు ఉండొద్దా అంది మీ పెద్దావిడ. మంచు పడ్డాక నా పొట్టేలు కోసం వస్తానంది."

"మాకు చెప్పలేదేం అవ్వా?"

"పోయినవాళ్ళ మాట వాళ్ళింటికెళ్ళి ఎత్తుతామా తల్లీ? మీరే వస్తారనుకున్నా."

ఆ చలికాలమంతా ఆమె తన పొట్టేలును మందలో కలపకుండా, మాకోసం విడిగా ఉంచి మొక్కజొన్నలు పెట్టిందట.