వాసన రాని లవంగం

గురునాథరావుకి ఎవరు ఎదురుపడినా "బాగున్నారా" అని అడగడం చేతకాదు. సంచిలోంచి ఓ చేపముక్క తీసి అవతలివాళ్ల ముక్కు కింద పెట్టి, "వాసన వస్తోందా?" అంటాడు. అదే ఆయన పలకరింపు.

ఈ పలకరింపుకి రోజూ బలయ్యేవాడు బావమరిది కొండలరావు. స్టీల్ ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి, సీతమ్మధారలో అక్క కామేశ్వరి ఇంటికి కాఫీకని వస్తే, కాఫీ కన్నా ముందు కానాగంత చేప ముక్క వచ్చేది.

"ఏటి బావా, పొద్దున్నే!"

"చేప సంగతి కాదోయ్. లవంగం వాసన వస్తోందా?"

"వత్తంది బావా. కిరాణా కొట్టు తలుపు తీసినట్టు వత్తంది."

గురునాథరావు మొహం చిన్నబోయేది.

రుషికొండ దగ్గర ఓ ల్యాబులో ఆయన ఉద్యోగం. లవంగనూనెని కంటికి ఆనని చుక్కలుగా చేసి, రొయ్యల పొట్టులోంచి తీసిన పదార్థంలో పొదిగి చేపల మీద చల్లితే అవి తొందరగా పాడవవు. ఆ చుక్క ఎంత చిన్నదని ఒకసారి అడిగి కొండలరావు పెద్ద తప్పు చేశాడు. "వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చెయ్యి. అందులో ఒక చీలిక మందం!" అంటూ బావగారు కొండలరావు వెంట్రుకే ఒకటి పీకి చూపించాడు. అసలే అక్కడ లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి.

ఆయన ఒంటికి ఆ వాసన ఎంత పట్టిందంటే, సిటీ బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన నోరు తెరిచి, "ఈ పన్ను పీకించాలా డాక్టరు గారూ?" అన్నాడు. గురునాథరావు పన్ను చూడలేదు, చేప తీశాడు.

ఆ మందు నూకాలుకి ఇవ్వాలని ఆయన పట్టుదల. జాలారిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగే నూకాలు చేపలు, పదకొండు దాటితే ఎండకి మెత్తబడేవి. ఆ తర్వాత కొనేవాళ్లుండరు. అయినా మందు మాత్రం వద్దనేసింది.

"సేపకి సేప వాసనుండాల బాబూ. లవంగం వాసనొత్తే, కుళ్లు కప్పెట్టడానికి ఏదో ఏసినానంటారు."

ఒకనాడు రెండు షిఫ్టులు వరసగా చేసొచ్చిన కొండలరావు, నిద్ర ఆపుకోలేక, ఊపిరి బిగబట్టి, "ఏ వాసనా నేదు బావా!" అనేశాడు. గురునాథరావు ఆనందం పట్టలేక అతన్ని వాటేసుకున్నాడు. మర్నాడే నూకాలుని బతిమాలి మందు చల్లించాడు.

వాళ్ల మేడలోనే రెండో అంతస్తులో ఉండే రామలక్ష్మమ్మ చేప ఎత్తి చూసింది. "ఏటే ఇది? సేపలకి పళ్లపొడి రాసినావేటే?"

మాట క్షణంలో పాకిపోయింది. ఆ రోజు ఒక్క చేప కూడా అమ్ముడుపోలేదు. నూకాలు మెట్ల మీద కూలబడింది.

"తప్పు నాదేనమ్మా. అన్నీ నాకిచ్చెయ్, ప్రయోగానికి కావాలి" అన్నాడు గురునాథరావు. కొండలరావు తలెత్తలేకపోయాడు.

భోజనాల దగ్గర కామేశ్వరి చేపల పులుసు వడ్డిస్తూ అంది. "ప్రయోగమేటిరా! అది నిరుడే అయిపోనాది. ఎగుమతి కంపెనీవోళ్లు పట్టుకెళ్లిపోనారు కూడా. ఆళ్లకి ఈ వాసన అడ్డమే కాదంట. రోజూ నూకాలు దగ్గర మిగిలినవన్నీ ఈయన ఇలాగే కొని తెచ్చేస్తారు."

"మరెందుకు బావా ఈ ఏడాదంతా మా ముక్కులు తిన్నావు?"

"కంపెనీకి ఐసు గదులున్నాయోయ్. నూకాలుకి తట్టే కదా ఉంది."

కొండలరావు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నిన్న నాను అబద్ధమాడినాను బావా."

"నిద్రలో ఉన్న మనిషిని అడగడం నాదే పొరపాటులే. తిను."

మర్నాటి నుంచి కొండలరావు షిఫ్టు దిగగానే ముక్కు శుభ్రంగా కడుక్కుని తనే వచ్చి కూర్చునేవాడు. "ఇంకా వత్తంది బావా" అని నిజం చెప్పేవాడు. గురునాథరావు మందు పాళ్లు మార్చి మళ్లీ తెచ్చేవాడు. అలా మూడు నెలలు. చివరికి ఓ పొద్దున్న మూడుసార్లు పీల్చి, "సేప వాసనే బావా, ఒట్టు!" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండింటికి నూకాలు తట్ట దించింది. బావా బావమరుదులిద్దరూ ఊపిరి బిగబట్టి పైమెట్టు మీద నిలబడ్డారు.

"ఈయేళకి బాగుంటాయేటే?" అంది రామలక్ష్మమ్మ.

"పొద్దుటివేనమ్మా. లవంగం మందు జల్లినాను, దాపరికమెందుకు."

రామలక్ష్మమ్మ మొప్ప ఎత్తి చూసింది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"లవంగమేదే? సర్లే, కిలో తియ్యి."

వెనకే నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. తట్ట ఖాళీ అయింది. గురునాథరావు వాటాకి ఒక్క చేప కూడా మిగల్లేదు.

ఆ పూట ఆయనింట్లో పప్పు, అప్పడమే. గురునాథరావు మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు.